ఆ పొట్లం కూరలో కలపకండి, మాల కంటే ముందు ఆసుపత్రికి తీసుకురండి

ప్రశ్న: మాది భూపాలపల్లి. మా ఆయనకు 43 ఏళ్లు, బొగ్గుబాయిలో పని. వారం వారం షిఫ్టు మారుతుంది. పన్నెండేళ్లుగా తాగుతున్నాడు. ఇప్పుడు రోజుకు క్వార్టర్, ప్లే డే (వారపు సెలవు) అయితే హాఫ్. తాగితేనే నిద్ర పడుతుందంటాడు, కానీ రాత్రి రెండింటికి లేచి కూర్చుంటాడు. ఒక్కోసారి వంటింట్లోకి వెళ్లి ఉన్న అన్నమంతా తినేస్తాడు. గురక పెడుతూ పెడుతూ ఊపిరి ఆగినట్టు అవుతుంది, నాకు భయమేస్తుంది. ఫోన్‌లో రమ్మీ ఆడి లక్షా ఎనభై వేలు పోగొట్టాడని పోయిన నెలే తెలిసింది. మా ఇద్దరి మధ్య రెండేళ్లుగా ఏమీ లేదు. గోడ వైపు తిరిగి పండుకుంటాడు. నేను నచ్చడం లేదేమో.

పోయిన కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుని తాగుడు ఒక్కసారిగా మానేశాడు. మూడో రోజు రాత్రి చేతులు వణికాయి. గోడ మీద పురుగులు పాకుతున్నాయని తువ్వాలతో దులిపాడు. బాయిలో ఉన్నట్టు ఎవరెవరినో పేర్లు పెట్టి పిలిచాడు. ఇంట్లో ఏదో అపచారం జరిగిందని అందరూ నన్నే అన్నారు. మాల తీసేశాడు, మళ్లీ తాగాడు, రెండు రోజులకు కుదురుకున్నాడు. అప్పటి నుంచి తాగుడు ఇంకా పెరిగింది. ఈసారి మళ్లీ మాల వేసుకుంటానంటున్నాడు. మా తోటికోడలు ఒక పొడి తెచ్చిచ్చింది. తెలియకుండా కూరలో కలిపి పెడితే నెలలో మానేస్తారట. కలపమంటారా?

జవాబు: చెల్లెమ్మా, కలపకండి. చిటికెడు కూడా వద్దు. ఇప్పటికే కలిపి ఉంటే ఈ రోజే ఆయనను ఆసుపత్రికి తీసుకెళ్లి, కలిపిన సంగతి దాచకుండా డాక్టరుకు చెప్పండి. ఎందుకంటే అప్పుడు ఆయన తాగినా ప్రమాదమే, తాగడం ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే.

మీ చేతిలో ఉన్న పొట్లం నేను చూడలేదు. నా దగ్గరికి వచ్చిన ఇలాంటి పొట్లాల్లో చాలావరకు డైసల్ఫిరామ్ మాత్రలు నూరిన పొడే ఉంది. మద్యం మన కాలేయంలో రెండు మెట్లుగా విరుగుతుంది. మొదటి మెట్టులో అసిటాల్డిహైడ్ అనే విషం తయారవుతుంది. రెండో మెట్టులో అది పెద్దగా హాని చేయని పదార్థంగా మారిపోతుంది. డైసల్ఫిరామ్ ఆ రెండో మెట్టును మూసేస్తుంది. దాంతో తాగిన కాసేపటికే విషం ఒంట్లో పేరుకుంటుంది. ముఖం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది, వాంతులవుతాయి, బీపీ పడిపోతుంది. ఈ సంగతి మొదట రబ్బరు ఫ్యాక్టరీల్లో బయటపడింది. రబ్బరు గట్టిపడటానికి వాడే ఈ జాతి రసాయనాలు సోకిన కార్మికులు తాగితే ఇలాగే అల్లాడిపోయేవారు. 1940ల చివర్లో డెన్మార్క్ పరిశోధకులు దాన్ని తాగుడు మాన్పించే చికిత్సలోకి తెచ్చారు. మాత్ర ఆపేసినా రెండు వారాల దాకా దాని ప్రభావం ఉండొచ్చు.

నేను పీజీ చదివే రోజుల్లో ఒక రాత్రి క్యాజువాలిటీకి ఒకతన్ని మోసుకొచ్చారు. ముఖం, మెడ, ఛాతీ కందగడ్డలా ఉన్నాయి. బీపీ 70కి పడిపోయింది. గుండెపోటేమోనని మేము ఈసీజీ తీస్తున్నాం. భార్య మంచం కాళ్ల దగ్గర నిలబడి కొంగు చివర ముడిని వేళ్లతో తిప్పుతూనే ఉంది. ఏమన్నా మాత్రలు వాడుతున్నాడా అమ్మా అని అడిగితే లేదని తల ఊపింది. అరగంట తర్వాత మా ఆయమ్మ ఆమెను పక్కకు తీసుకెళ్లి, భుజం మీద చెయ్యి వేసి అడిగింది. అప్పుడు ముడి విప్పింది. న్యూస్‌పేపర్ ముక్కలో తెల్లటి పొడి, పప్పు పోపు వాసనతో. అతను బతికాడు. కానీ వార్డులో ఉన్నన్ని రోజులూ ఆమె తెచ్చిన అన్నం ముట్టలేదు. తల్లి ఇంటి నుంచి క్యారియర్ వచ్చేది. భార్య తెచ్చిన గిన్నె మూత కూడా తీయకుండా స్టూలు మీద అలాగే ఉండేది.

డైసల్ఫిరామ్‌ను నేను కూడా రాస్తాను. కానీ మనిషికి అన్నీ చెప్పి, గుండె, కాలేయం పరీక్షలు చూసి, సరేనన్నాకే రాస్తాను. అది పనిచేసేదే ‘ఇది వేసుకున్నాను, ఇప్పుడు తాగితే నా పని అయిపోతుంది’ అన్న ఎరుకతో. ఏం వేసుకున్నాడో తెలియని మనిషికి ఆ ఎరుక ఎక్కడి నుంచి వస్తుంది? మీ తోటికోడలి మీద కోపం పెట్టుకోకండి. ఆమె మీ మేలు కోరే ఇచ్చింది.

ఇప్పుడు మాల సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా భయపెట్టింది పొట్లం కాదు, ఆ మూడో రోజు రాత్రి.

అది అపచారం కాదు. మీ మడిలో లోపం లేదు, మీ వంటలో లోపం లేదు. ఆయన భక్తిలో కూడా లోపం లేదు. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల వచ్చే ప్రమాదకరమైన స్థితి అది. వైద్యంలో దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటాం. మద్యం మెదడును రోజూ మత్తు వైపు నెడుతుంది. మెదడు ఊరుకోదు, తట్టుకోవడానికి ఎదురు నెడుతుంది. తలుపును అవతలి నుంచి ఒకరు రోజూ తోస్తుంటే ఇవతల మనం బలమంతా పెట్టి ఆపుతున్నాం అనుకోండి. అవతలి మనిషి చటుక్కున తప్పుకుంటే ఏమవుతుంది? మన బలమే మనల్ని బోర్లా పడేస్తుంది. చివరి చుక్క తాగిన ఆరేడు గంటల నుంచి వణుకు, చెమట, గాబరా మొదలవుతాయి. రెండు రోజుల లోపల ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాతే లేని పురుగులు కనిపించడం, ఎక్కడున్నాడో తెలియకపోవడం. రోజూ చేసే పని కూడా మాటల్లో వస్తుంది. బాయిలో పనిచేసే మనిషి బాయిలో ఉన్నట్టు కేకలు పెట్టడం నేను చాలాసార్లు విన్నాను. డ్రైవర్లయితే గాల్లో స్టీరింగ్ తిప్పుతారు. చికిత్స అందకపోతే దీంతో ప్రాణం పోవచ్చు. పోయినసారి గండం తప్పింది, అంతే.

ఇది మన జిల్లాలకు తెలియని సంగతి కాదు. కల్లులో మత్తు మాత్రల పొడి కలిపి అమ్మడం మన తెలంగాణలో ఎంతగా ఉందో మీకు చెప్పక్కర్లేదు. 2015లో కల్తీ కల్లును గట్టిగా అడ్డుకున్నప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు ఎంతోమంది వణుకుతో, ఫిట్స్‌తో, పిచ్చిపిచ్చిగా మాట్లాడుతూ ఆసుపత్రులకు వచ్చారు.  ఒంటికి అలవాటైన మత్తును ఒక్కసారిగా లాగేస్తే ఒళ్లు ఎలా తిరగబడుతుందో అప్పుడు ఊళ్లకు ఊళ్లు చూశాయి.

ఒకసారి ఇలా వచ్చినవాళ్లకు మళ్లీ మానేటప్పుడు వచ్చే అవకాశం ఎక్కువ. కాబట్టి ఈసారి ఆయన ఇంట్లో మానకూడదు. ఈ ఒక్క మాట మీ అత్తమ్మకు, తోటికోడలికి, మాల వేసే గురుస్వామికి, అందరికీ చెప్పండి. మాల వేసుకోవాలనుకున్న రోజుకు కనీసం రెండు వారాల ముందే ఆసుపత్రిలో చేరాలి. పరకాల మీదుగా బస్సెక్కితే వరంగల్ వచ్చేస్తారు. ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అక్కడికి రావడమంటే పిచ్చి ఉన్నట్టు కాదు. అక్కడ వణుకును, ఫిట్స్‌ను అణిచే మాత్రలు ఎక్కువ మోతాదుతో మొదలుపెట్టి, వారం పది రోజుల్లో మెల్లగా తగ్గిస్తూ ఆపేస్తారు. బి1 విటమిన్ ఇంజెక్షన్లు ఇస్తారు. తాగేవాళ్లు సరిగా తినరు, తిన్నదాంట్లోని బి1 కూడా ఒంటికి సరిగా పట్టదు. అది బాగా తగ్గితే చూపు తేడా చేస్తుంది, నడక తూలుతుంది, జ్ఞాపకం శాశ్వతంగా దెబ్బతినొచ్చు. అందుకే ఇంకో మాట. వణుకు రాగానే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ సీసా ఎక్కించే అలవాటు ఉంది కదా, అది చేయించకండి. బి1 లేకుండా గ్లూకోజ్ పోతే ఆ ఉన్న కొంచెం కూడా ఖర్చయిపోయి మెదడుకు దెబ్బ తగలొచ్చు.

ఆసుపత్రిలో చేరేదాకా ఏం చేయాలి అంటారా? మీరు సీసా దాచకండి, పారబోయకండి. ఇది చెప్పడం నాకే కష్టంగా ఉంది, మీకు వినడం ఇంకా కష్టం. కానీ ఆ నాలుగు రోజులు ఆయన తాగడం కంటే ఇంట్లో హఠాత్తుగా ఆగిపోవడమే ఎక్కువ ప్రమాదం.

ఆ తర్వాత మాల వేసుకోనివ్వండి. నేను అడ్డు చెప్పను, నిజానికి సంతోషిస్తాను. 41 రోజులు వేళకు లేవడం, చన్నీళ్ల స్నానం, వేళకు భిక్ష, పక్కన తాగని స్వాములు, చుట్టూ అందరూ ‘స్వామీ’ అని గౌరవంగా పిలవడం, ఇంతకంటే మంచి వాతావరణం నేను ఏ వార్డులోనూ కల్పించలేను. కానీ 42వ రోజు నాకు భయం. ఇరుముడి దించి, మాల తీసిన సాయంత్రమే మళ్లీ గ్లాసు పట్టినవాళ్లు నా దగ్గరికి ఎంతోమంది వచ్చారు. మాల మాటను కాపాడింది, కోరిక మాత్రం ఎక్కడికీ పోలేదు. అందుకే తాగాలన్న తపనను తగ్గించే మాత్రలు దీక్షలో ఉండగానే మొదలుపెట్టాలి. నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ అనేవి ఉన్నాయి. కాలేయం, మూత్రపిండాలు ఎలా ఉన్నాయో చూసి ఏది సరిపోతుందో డాక్టరు చెప్తారు. శబరిమల నుంచి వచ్చిన వారంలోపే ఒకసారి చూపించుకోవాలి. ఆ తేదీ ముందే రాసి పెట్టుకోండి.

మీరు నిద్ర, గురక, రమ్మీ, పడకగది అని వేరు వేరుగా రాశారు. నాకు ఇవి ఒకే ముడిలా కనిపిస్తున్నాయి, ఆ ముడి మొదలు నిద్ర దగ్గర ఉంది.

ఒక చిన్న లెక్క చెప్తాను. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. మన దగ్గర విస్కీ, బ్రాందీ సీసా మీద 42.8 శాతం అని ఉంటుంది. అంటే అందులో అసలు మద్యం 60 గ్రాములు. కాలేయం గంటకు వదిలించుకోగలిగేది సుమారు 7 నుంచి 10 గ్రాములు. రాత్రి ఎనిమిదింటికి తాగితే తెల్లవారుజామున రెండు, నాలుగున్నర మధ్య అది ఒంట్లోంచి దిగిపోతుంది. ఆయన లేచి కూర్చునే వేళ ఏది? అదే. మద్యం నిద్రను తొందరగా తెస్తుంది, కానీ దిగిపోయేటప్పుడు మెదడును తట్టి లేపుతుంది. కలల నిద్రను చెడగొడుతుంది. రాత్రి అన్నం సరిగా తినని మనిషికి ఆ వేళ ఆకలి కూడా వేస్తుంది, వంటింట్లోకి వెళ్తాడు. పొద్దున లేచాక తిన్న సంగతి గుర్తుంటోందా అని ఒకసారి అడగండి. గుర్తు లేకపోతే డాక్టరుకు తప్పకుండా చెప్పండి, అది వేరే రకం నిద్ర సమస్య కావచ్చు. ప్లే డే నాటి హాఫ్ లెక్క వేస్తే మర్నాడు ఫస్ట్ షిఫ్టుకు క్యాప్ ల్యాంప్ పెట్టుకునే వేళకు కూడా రక్తంలో మద్యం మిగిలే ఉంటుంది. బాయిలో దిగే మనిషికి దాని అర్థం ఏమిటో నాకంటే ఆయనకే బాగా తెలుసు.

గురక మధ్యలో ఊపిరి ఆగడం మామూలు గురక కాదు. గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతుంది. దీన్ని స్లీప్ అప్నియా అంటారు. మద్యం ఆ కండరాలను ఇంకా వదులు చేస్తుంది. రాత్రంతా ఊపిరి కోసం పెనుగులాడిన మనిషి పొద్దున అలసిపోయే లేస్తాడు, ఆ అలసట పోవాలని సాయంత్రం మళ్లీ తాగుతాడు. దీనికి పరీక్ష ఉంది, చికిత్స ఉంది. పరీక్ష అయ్యేదాకా మెడికల్ షాపులో నిద్ర మాత్రలు అడిగి తెచ్చుకోవద్దు. మద్యం, నిద్ర మాత్ర రెండూ కలిస్తే ఊపిరే ఆగిపోవచ్చు. నైట్ షిఫ్టు దిగి వచ్చిన రోజు గది కిటికీకి మందపాటి దుప్పటి కట్టండి, ఇంటికి వచ్చేటప్పుడు ఆయనను నల్ల కళ్లద్దాలు పెట్టుకోమనండి. పొద్దుటి వెలుగు కంట్లో పడితే మెదడు తెల్లారిందనుకుని నిద్రను తరిమేస్తుంది.

ఇక మీరు సగం సగం రాసి వదిలేసిన మాట. ‘నేను నచ్చడం లేదేమో.’ చెల్లెమ్మా, 43 ఏళ్ల మనిషి, పన్నెండేళ్ల తాగుడు, రాత్రుళ్లు ఊపిరి ఆగే గురక, షిఫ్టుల నిద్ర. ఇవి చాలు అంగస్తంభన దెబ్బతినడానికి. ఇందులో మీ రూపానికి, మీ వయసుకు సంబంధం లేదు. ఒకటి రెండు సార్లు విఫలమైన మగవాడు మూడోసారి ప్రయత్నించడానికే భయపడతాడు, గోడ వైపు తిరుగుతాడు. మీరు అది చూసి మీ వైపు తిరగడం లేదనుకుంటారు. అతను మాత్రం పరువు కాపాడుకుంటున్నాననుకుంటాడు. ఇద్దరూ చీకట్లో కళ్లు తెరుచుకునే ఉంటారు. ఇది చాలా ఇళ్లలో జరుగుతోంది, ఎవరూ పైకి చెప్పరు, అంతే.

షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ పరీక్షలు తప్పక చేయించండి. అంగంలోని రక్తనాళాలు గుండె నాళాల కంటే సన్నవి, అందుకే గుండె జబ్బు కొందరిలో మొదట ఇక్కడే కనిపిస్తుంది. గోడల మీద పోస్టర్లు అంటించే వాళ్ల దగ్గరికి వెళ్లొద్దు, ఎవరో చెప్పారని అంగస్తంభనకు మాత్ర కొని వేసుకోవద్దు. ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్రతో అది కలిస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. తాగుడు ఆగి నిద్ర కుదురుకుంటే చాలామందిలో కొన్ని నెలల్లో మార్పు వస్తుంది. అప్పటిదాకా ఏమీ ఆశించకుండా పక్కన పండుకోండి, ఆయన చెయ్యి పట్టుకోండి. అది చాలు ప్రస్తుతానికి.

రమ్మీ గురించి. ఒకప్పుడు వైద్య పుస్తకాలు జూదాన్ని అదుపులేని తపనల జాబితాలో, దొంగతనం చేయాలనే తపన పక్కన పెట్టేవి. 2013లో అమెరికన్ మనోవైద్యుల వర్గీకరణ దాన్ని మద్యం ఉన్న అధ్యాయంలోకి మార్చింది. ఆట మెదడులో చేసే పని కూడా మద్యం చేసే పనిలాంటిదే. అందుకే ‘పోయింది రాబట్టుకుంటా’ అన్న మాటను నమ్మి డబ్బు ఇవ్వకండి. ఆ మాట కూడా జబ్బులో భాగమే. మీ పుస్తెలతాడు కుదువపెట్టి అప్పు తీర్చే ఆలోచన ఉంటే ఆపండి. జీతం పడే ఖాతా, ఫోన్‌పే పిన్ కొన్నాళ్లు మీ దగ్గర పెట్టుకుంటానని ఆయన ఒప్పుకునేలా మాట్లాడండి. అప్పులన్నీ ఎవరికి ఎంత అని ఇద్దరూ కూర్చుని ఒకే కాగితం మీద రాయండి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని మన రాష్ట్రం 2017లోనే నిషేధించింది, 2025లో కేంద్రం కూడా దేశమంతా నిషేధిస్తూ చట్టం చేసింది. ఇంకా ఆడిస్తున్న యాప్ ఏదైనా చట్టానికి దొరక్కుండా నడుస్తున్నదే. డబ్బు మోసం జరిగిందనిపిస్తే 1930కి ఫోన్ చేయండి.

తాగుడు, అప్పు, సిగ్గు మూడూ ఒకే మనిషి మీద పడ్డప్పుడు నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ మీరు కూడా అడగండి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఔనంటే ఒంటరిగా వదలకండి, పురుగుల మందు, తాళ్లు లాంటివి ఇంట్లోంచి తీసేయండి, 14416కి చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబర్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మీకు భారంగా ఉన్న రోజు మీ కోసం కూడా చేయొచ్చు. తాగిన మత్తులో చెయ్యి చేసుకుంటే మాత్రం జబ్బు కదా అని ఓర్చుకోకండి. పిల్లలతో బయటికి వచ్చి 181కి ఫోన్ చేయండి.

ఆయనను ఒప్పించడం ఎలా? తాగి వచ్చిన రాత్రి మాట్లాడకండి, అత్తమ్మ ముందు అసలే వద్దు. మాట్లాడాల్సింది పొద్దున, టీ తాగాక. తాగుడుతో మొదలుపెట్టకండి, ‘రాత్రి మీకు ఊపిరి ఆగినట్టు అయితుంది, నాకు నిద్ర పడతలేదు, ఒక్కసారి చూపించుకుందాం’ అని ఊపిరితో మొదలుపెట్టండి. మాల గురించి చెప్పేటప్పుడు, పోయినసారి తప్పు మీది కాదు, దేవుడికి కోపం రాలేదు అని ఆయనకు అర్థమయ్యేలా చెప్పండి. ఆ రాత్రి తర్వాత తాగుడు పెరిగిందని రాశారు. దేవుడే తనను వద్దన్నాడని ఆయన ఏడాదిగా లోపల అనుకుంటున్నాడేమో అని నా అనుమానం. డ్యూటీలో తెలిస్తే అన్‌ఫిట్ చేస్తారని భయపడితే, ఆయన చికిత్స వివరాలు సాధారణంగా ఆయన అనుమతి లేకుండా డాక్టరు బయటపెట్టకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్తోందని చెప్పండి. ఈ ఉత్తరం ఆయనకే చదివి వినిపించినా మంచిదే.

వచ్చేటప్పుడు ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాసుకురండి: రోజుకు ఎంత తాగుతున్నాడు, చివరిసారి ఎప్పుడు తాగాడు, పోయిన కార్తీకంలో ఆ రాత్రి ఏం జరిగింది, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా. పక్కన పడుకున్నప్పుడు గురక ఫోన్‌లో రెండు నిమిషాలు రికార్డు చేయండి. పొట్లాన్ని కూడా మడతపెట్టి పిల్లలకు అందకుండా సంచిలో వేసుకుని తీసుకురండి. దాన్ని డాక్టరు చేతికి ఇచ్చేయండి.